అత్తయ్యగారితో, పిల్లలతో కలిసి చూడదగిన క్రిస్మస్ టీవీ ప్రేమచిత్రాలు సూచించగలరు

కొండపల్లి_బొమ్మ

సభ్యులకు నమస్కారం. ఈ శీతకాలం మా అత్తయ్యగారు విజయవాడ నుంచి న్యూజెర్సీలోని మా ఇంటికి వస్తున్నారు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ చలిలో పెద్దవాళ్లు బయట తిరగలేరు, ఇంట్లో కూర్చుంటే తోచదు. వంటలయ్యాక ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి చూసే సినిమాలు కావాలి. హాల్‌మార్క్, లైఫ్‌టైమ్ వంటి చానళ్లు క్రిస్మస్ కోసం ప్రత్యేకంగా తీసే ప్రేమకథల గురించి విన్నాను గానీ, అవి వందల్లో ఉన్నందువల్ల ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అత్తయ్యగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మరీ గబగబా మాట్లాడితే తప్ప ఇంగ్లీషు చక్కగా అర్థమవుతుంది. పదేళ్ల మా అమ్మాయి కూడా పక్కనే ఉంటుంది కాబట్టి, ఎప్పుడు ఏ సన్నివేశం వస్తుందోనని రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చునే అవసరం లేనివైతే మంచిది. థియేటర్లలో విడుదలైనవి కాకుండా టీవీ కోసం తీసినవే చెప్పండి. ఎందుకు నచ్చాయో కూడా రాస్తే ఎంచుకోవడం తేలికవుతుంది.

తొలిమంచు

కొండపల్లి_బొమ్మ గారూ, మీరు అడిగిన లెక్క ప్రకారం మొదట పెట్టవలసింది ‘ద క్రిస్మస్ కార్డ్’. ఇది 2006లో హాల్‌మార్క్ చానల్‌లో వచ్చింది. అఫ్గానిస్థాన్‌లో పనిచేస్తున్న కోడీ కలెన్ అనే సార్జెంటుకు, కాలిఫోర్నియాలోని నెవాడా సిటీ అనే చిన్న ఊరి నుంచి సైనికులకు పంపిన శుభాకాంక్షల కార్డుల్లో ఒకటి అందుతుంది. రాసిన అమ్మాయిని అతను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ కార్డును దగ్గర పెట్టుకుని కష్టకాలమంతా గడిపి, సెలవు దొరకగానే ఆ ఊరు వెళతాడు. అమ్మాయి పేరు ఫెయిత్. వాళ్లది కలప వ్యాపారం చేసే కుటుంబం. కోడీ అక్కడే పనికి కుదురుతాడు, కానీ తన దగ్గర ఉన్న కార్డు సంగతి ఆమెకు చెప్పడు. ఆమెకు అప్పటికే ఒక స్నేహితుడు ఉండడం, అది తెలిసి ఇతను హద్దు దాటకుండా నిలబడడం చిత్రానికి ఒక నిండుదనాన్ని ఇచ్చాయి.

అయితే నేను దీన్ని మొదట చెప్పడానికి కారణం ఆ జంట కాదు, అమ్మాయి తల్లిదండ్రులు. తండ్రిగా ఎడ్ ఆస్నర్, తల్లిగా లోయిస్ నెటిల్టన్ నటించారు. ఏళ్ల తరబడి కాపురం చేసిన ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఎలా మసలుకుంటారో వీళ్లను చూస్తే తెలుస్తుంది. ఆస్నర్‌కు ఈ పాత్రకుగాను టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారానికి నామినేషన్ కూడా వచ్చింది. ఇటువంటి టీవీ చిత్రాలకు ఆ గౌరవం దక్కడం అరుదు. మీ అత్తయ్యగారు యువజంట కంటే వీళ్లిద్దరినే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారని నా నమ్మకం.

ఇటువంటి చిత్రాలను ఎంచుకోవడానికి నాకు ఒక కొలత ఉంది. హీరో హీరోయిన్లు నిజంగా చేతులతో ఏదో పని చేస్తూ కనిపిస్తున్నారా, పెద్దవాళ్లకు కథలో సొంత బతుకు ఉందా అని చూస్తాను. ఆ రెండూ ఉంటే మిగతావి ఎంత మామూలుగా ఉన్నా కూర్చోబెడుతుంది. అవి లేకపోతే ఎంత మంచు కురిపించినా లాభం లేదు.

రాత్రిబండి

చర్చకు భంగం కలిగించాలని కాదు గానీ, ఒక సందేహం. నేను వీటిని చాలానే చూశాను. నగరంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి పండుగకు చిన్న ఊరికి వస్తుంది. అక్కడ మూతపడబోయే బేకరీనో సత్రాన్నో నిలబెట్టాలి. చొక్కా మీద చొక్కా వేసుకున్న మంచి మనిషి ఒకడు ఎదురవుతాడు. ముద్దు పెట్టుకోబోతుండగా ఎవరో వచ్చి తలుపు తడతారు. చివరి రెండు నిమిషాల్లో మంచు కురుస్తుండగా ఒకటవుతారు. మొదటి పావుగంటలోనే ముగింపు తెలిసిపోయే కథను ఒక కుటుంబం మొత్తానికి సూచించడం వల్ల ప్రయోజనం ఏమిటి? నేను తప్పుపట్టడం లేదు, ఇష్టపడేవాళ్ల కారణం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

తొలిమంచు

రాత్రిబండి గారూ, ప్రశ్న న్యాయమైనదే. రుక్మిణీ కల్యాణం హరికథ వినడానికి చాపలు వేసుకుని కూర్చునేవాళ్లలో కృష్ణుడు వస్తాడో రాడో తెలియనివాళ్లు ఎవరూ ఉండరు. అగ్నిద్యోతనుడు వెళ్లి ఇంకా తిరిగి రాలేదని రుక్మిణి తల్లడిల్లే ఘట్టాన్ని ఈ భాగవతారు ఎలా నడిపిస్తాడా అన్నదే వాళ్ల ఆసక్తి. ముగింపు తెలిసి ఉండడం ఇక్కడ లోపం కాదు, ప్రేక్షకుడికి ముందుగా ఇచ్చిన మాట. ఆ మాట ఉంది కనుకనే, రోజంతా ఆఫీసులోనో ఆసుపత్రిలోనో అలసిపోయి వచ్చినవాళ్లు భయం లేకుండా చూడగలుగుతారు.

మీరు చెప్పిన ‘తలుపు తట్టడం’ వెనక ఒక పనితీరు కూడా ఉంది. టీవీలో ఈ చిత్రానికి రెండు గంటల సమయం కేటాయిస్తారు. ప్రకటనలు పోగా కథకు మిగిలేది సుమారు 84 నిమిషాలు. సాధారణంగా కథను తొమ్మిది భాగాలుగా విడగొట్టి, ప్రతి విరామానికి ముందు ప్రేక్షకుడు చానల్ మార్చకుండా ఒక చిన్న చిక్కుముడి వేస్తారు. అందుకే సినిమాలో నిదానంగా జరగవలసింది ఇక్కడ పదేసి నిమిషాలకు ఒకసారి మలుపు తిరుగుతుంది. ఈ కట్టుబాటులో ఇమిడి ఉంటూనే మనుషులను మనుషుల్లా చూపించగలిగిన రచయితలు ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. ఎక్కువ చిత్రాలు రెండో కోవకు చెందినవేనని నేనూ ఒప్పుకుంటాను. అందుకే ఇటువంటి చర్చ అవసరమవుతోంది.

ఫ్రేజర్_తీరం

నేను కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఉంటాను. ఈ చిత్రాల్లో మీరు చూసే అమెరికా ‘వెర్మాంట్’ గ్రామాలు, ‘మోంటానా’ పల్లెలు చాలావరకు మా చుట్టుపక్కలవే. ఫోర్ట్ లాంగ్లీ అనే చిన్న ఊరు మరీ తరచుగా కనిపిస్తుంది. డిసెంబరులో ప్రసారం కావాలంటే చిత్రీకరణ చాలాసార్లు ఎండాకాలంలోనే జరగాలి. జూలై ఎండలో దుకాణాల చూరుల మీద తెల్లటి దూది పరుపులు పరిచి, గడప పక్కన నురగ చల్లి, నటులకు ఉన్ని కోట్లు, మెడచుట్లు తొడిగి నిలబెడతారు. ఒక టేకు అయిందో లేదో సహాయకులు గొడుగులూ చేతి పంకాలూ పట్టుకుని పరుగెత్తుతారు. వీధి అవతల మేము ఐస్‌క్రీము తింటూ చూస్తుంటాం. ఒక్కో చిత్రాన్ని దాదాపు మూడు వారాల్లోపే ముగిస్తారు. తెర మీద నటుల నోటి నుంచి ఆవిరి రాకపోవడం, పక్కన చెట్టుకు పచ్చని ఆకులు నిండుగా ఉండడం ఈసారి గమనించండి. ఆ వేడిలో, అంత తక్కువ వ్యవధిలో చలికి వణుకుతున్నట్టు, మొదటిసారి ప్రేమలో పడుతున్నట్టు నటించగలగడం పట్ల నాకు నిజమైన గౌరవం ఉంది.

నా సూచన ‘క్రిస్మస్ ఇన్ ఎవర్‌గ్రీన్’ (2017). ఆష్లీ విలియమ్స్ ఇందులో పశువైద్యురాలు. ఊరి వీధులను బర్నబీ విలేజ్ మ్యూజియంలో తీశారు. పాత ఎర్ర ట్రక్కు, కదిపితే లోపల మంచు కురిసే గాజు గోళం, ఊరందరూ కలిసే హోటలు అన్నీ ఒక శుభాకాంక్షల కార్డు బొమ్మలోంచి లేచి వచ్చినట్టు ఉంటాయి. నిజానికి హాల్‌మార్క్ కార్డుల బొమ్మల ప్రేరణతోనే ఈ చిత్రాన్ని రూపొందించారు. కథ పలచనే, కానీ మీ అమ్మాయికి తప్పకుండా నచ్చుతుంది.

పాతరీలు

కార్డుల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. హాల్‌మార్క్ మొదట కార్డుల సంస్థే. 1910లో కాన్సాస్ సిటీలో మొదలైంది. టీవీతో దాని అనుబంధం 1951 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఎన్‌బీసీలో ప్రసారమైన ‘అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్’తో ఏర్పడింది. అది జియాన్ కార్లో మెనోటీ టీవీ కోసమే రచించిన ఒపెరా. చానల్ ఆ పేరుతో వచ్చింది 2001లో, పండుగ రోజుల్లో వరసగా క్రిస్మస్ చిత్రాలు వేసే ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ మొదలైంది 2009లో.

అంతకుముందూ మంచి టీవీ ప్రేమకథలు లేకపోలేదు. 1997లో సీబీఎస్‌లో వచ్చిన ‘బారోడ్ హార్ట్స్’ నాకు ఇష్టం. వ్యాపారం కోసం తనకు భార్యాబిడ్డ ఉన్నట్టు చూపించుకోవలసి వచ్చిన యజమాని, అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఒంటరి తల్లిని, ఆమె కూతురిని తన కుటుంబంగా నటించమని అడుగుతాడు. రోమా డౌనీ, ఎరిక్ మెక్‌కార్మాక్ నటించారు. చిన్నపిల్ల ఆ నటనను నిజమని నమ్మడం మొదలుపెట్టిన దగ్గర కథకు బరువు వస్తుంది.

ఏబీసీ ఫ్యామిలీ చానల్ 2007లో తీసిన ‘హాలిడే ఇన్ హ్యాండ్‌కఫ్స్’ కూడా చాలామంది చూశారు. మెలిస్సా జోన్ హార్ట్, మారియో లోపెజ్ నటించిన హాస్యచిత్రం.

ఏలూరు_కాలువ

పాతరీలు గారి చివరి సూచనతో మాత్రం నేను ఏకీభవించలేను. ఆ కథలో అమ్మాయి ఒక అపరిచితుణ్ణి తుపాకీ చూపించి ఎత్తుకెళ్లి, తల్లిదండ్రులకు తన స్నేహితుడిగా పరిచయం చేస్తుంది. స్త్రీ పురుషుల పాత్రలు తారుమారై ఉంటే దాన్ని హాస్యంగా ఎవరూ తీసుకోరు. పదేళ్ల పిల్ల పక్కన ఉన్నప్పుడు ‘బలవంతం నుంచి ప్రేమ పుడుతుంది’ అనే కథ వద్దని నా అభిప్రాయం.

ఇంకొక మాట. మాది ఏలూరు దగ్గర క్రైస్తవ కుటుంబం. డిసెంబరు రాగానే ఇంటి మీద నక్షత్రం కట్టడం, యువకులు రాత్రిళ్లు ఇంటింటికీ వచ్చి కారల్స్ పాడడం, ఇరవై అయిదు తెల్లవారుజామున ఆరాధన, ఇవీ మాకు క్రిస్మస్ అంటే. అమెరికా వచ్చి ఈ చిత్రాలు చూసినప్పుడు, చెట్టు, బిస్కెట్లు, దీపాలు అన్నీ ఉన్నాయి గానీ చర్చి ఎక్కడో ఒక మూలన తప్ప కనిపించలేదు. మా అమ్మకు ఇది పెద్ద వెలితిగా తోచింది. ఆ వెలితి లేనిది ‘ద క్రిస్మస్ కార్డ్’. కార్డు చర్చి నుంచే బయలుదేరుతుంది, ప్రార్థన కథలో సహజంగా కలిసిపోయి ఉంటుంది. తొలిమంచు గారి సూచనకు నా ఓటు అందుకే.

ఈ అంశం మీదే ఆ రంగంలో ఒక చీలిక కూడా వచ్చింది. హాల్‌మార్క్ చానల్‌ను చాలాకాలం నడిపిన బిల్ ఆబట్ 2020లో బయటికి వచ్చి, తర్వాత ‘గ్రేట్ అమెరికన్ ఫ్యామిలీ’ చానల్‌ను నిర్మించారు. 2022లో నటి క్యాండేస్ క్యామెరాన్ బ్యూరే అక్కడికి వెళ్లారు. విశ్వాసం ప్రధానంగా ఉన్న కథలు కావాలనుకునేవాళ్లు అక్కడ వెతుక్కోవచ్చు. అదే ఏడాది హాల్‌మార్క్ ‘ద హాలిడే సిట్టర్’ తీసింది. ఆ చానల్‌లో ఇద్దరు పురుషుల ప్రేమ ప్రధాన కథగా వచ్చిన మొదటి క్రిస్మస్ చిత్రం అది. పండుగ బల్ల దగ్గర ఎవరికి చోటుందో చెప్పే విషయంలో రెండు చానళ్లూ రెండు దారులు పట్టాయి. నా మటుకు నాకు ప్రార్థనా కావాలి, బల్ల దగ్గర అందరూ ఉండడమూ కావాలి.

పాతరీలు

ఏలూరు_కాలువ గారూ, పిల్లల విషయంలో మీ మాట సబబుగానే ఉంది. ఆ సూచనను పెద్దలకు మాత్రమే పరిమితం చేసుకోమని మనవి. దాని బదులు అదే చానల్‌లో 2011లో వచ్చిన ‘ట్వెల్వ్ డేట్స్ ఆఫ్ క్రిస్మస్’ చూడండి. క్రిస్మస్ ముందురోజు కేట్‌కు పదేపదే తిరిగి వస్తుంటుంది. మొదట ఆమె ప్రయత్నమంతా విడిపోయిన పాత స్నేహితుణ్ణి తిరిగి రప్పించుకోవడానికే. రోజు మళ్లీ మళ్లీ వచ్చే కొద్దీ, అప్పటివరకు పట్టించుకోని పొరుగింటావిడ, దారిలో కనిపించే ముక్కూమొహం తెలియనివాళ్లు ఆమెకు మనుషులుగా కనిపించడం మొదలవుతుంది. ఎమీ స్మార్ట్, మార్క్-పాల్ గాసిలార్ జంట కూడా బాగుంటుంది.

లెక్కల_మాస్టారు

నేను ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి రిటైరైనవాణ్ణి, ప్రస్తుతం డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ‘క్రౌన్ ఫర్ క్రిస్మస్’ (2015) చూడమని నా మనవి. న్యూయార్కు హోటల్లో గదులు సర్దే ఆలీ అనే అమ్మాయి ఉద్యోగం పోయి, యూరప్‌లోని ఒక చిన్న రాజ్యంలో తల్లిలేని రాజకుమారికి చదువు చెప్పే పనిలో కుదురుతుంది. ఆ పిల్ల మొదట ఎవరినీ దగ్గరికి రానివ్వదు. పెంకి విద్యార్థిని ముందుగా నమ్మకంతో గెలవాలి, తర్వాతే పాఠం అన్న సంగతి కథలో బాగా వచ్చింది. రాజుగారితో ప్రేమ సరే, నాకు నచ్చింది ఆ గురుశిష్య సంబంధం.

ఆలీగా నటించిన డానికా మెక్‌కెల్లర్ గురించి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఆమె లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివింది. విద్యార్థినిగా ఉన్నప్పుడే గురువుతో, సహాధ్యాయినితో కలిసి ఒక సిద్ధాంతం నిరూపించింది. దానిని చేయెస్–మెక్‌కెల్లర్–విన్ సిద్ధాంతం అంటారు. 2007 నుంచి ఆడపిల్లలకు లెక్కలంటే భయం పోగొట్టే పుస్తకాలు కూడా రాస్తోంది. తెర మీద చూసిన మనిషి భిన్నాల గురించి ఇంత ప్రేమగా రాసిందని తెలిస్తే, పిల్లకు సినిమా అయిపోయాక కూడా ఒక దారి తెరుచుకుంటుంది.

కొండపల్లి_బొమ్మ

అందరికీ కృతజ్ఞతలు. రాజుల కథలు అత్తయ్యగారికి చిన్ననాటి నుంచీ ఇష్టమే కనుక మాస్టారి సూచన రాసుకున్నాను. రెండు సందేహాలు ఉన్నాయి. పిల్లులూ కుక్కలూ ఉన్న కథలు ఏమైనా ఉన్నాయా? మా అమ్మాయి పిల్లిని పెంచుకుందామని పోరు పెడుతోంది. రెండోది, కాస్త తెలివైన అల్లిక ఉన్న చిత్రం ఒకటి మా వారి కోసం కావాలి. ఆయన అభిప్రాయం రాత్రిబండి గారి అభిప్రాయానికి దగ్గరగా ఉంటుంది.

తొలిమంచు

పిల్లుల కథకు ‘ద నైన్ లైవ్స్ ఆఫ్ క్రిస్మస్’ (2014) కంటే మంచిది నాకు తెలియదు. బ్రాండన్ రౌత్ ఇందులో అగ్నిమాపక ఉద్యోగి. ఎవరితోనూ స్థిరపడకూడదని నిర్ణయించుకున్నవాడు. పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్ముతుంటాడు. ఆంబ్రోస్ అనే పిల్లి తనంతట తానే వచ్చి అతని ఇంట్లో మకాం పెడుతుంది. కింబర్లీ సస్టాడ్ పశువైద్యం చదువుతూ, పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేస్తూ, క్వీనీ అనే పిల్లితో బతుకుతుంటుంది. ఉద్యోగమూ ఇల్లూ పోయినప్పుడు అతని ఇంట్లోనే అద్దెకు దిగుతుంది. నా కొలత ప్రకారం ఇది నిలబడే చిత్రం, ఎందుకంటే ఇద్దరూ పని చేస్తూనే ఒకరినొకరు తెలుసుకుంటారు. అతను ఇంటిని ఎంత శ్రద్ధగా బాగుచేస్తాడో చూసి ఆమె అతన్ని అర్థం చేసుకుంటుంది. 2021లో దీనికి కొనసాగింపు కూడా వచ్చింది. మొదటిది చూశాకే అది చూడాలి.

సస్టాడ్ రచయిత్రి కూడా. పాల్ క్యాంప్‌బెల్‌తో కలిసి ఆమె రాసిన ‘త్రీ వైజ్ మెన్ అండ్ ఎ బేబీ’ (2022) ప్రధానంగా ప్రేమకథ కాదు. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల చేతిలో పడ్డ ఒక పసిబిడ్డ. అయినా ఇంట్లో అందరూ పడీపడీ నవ్వే రాత్రి ఒకటి కావాలంటే అది పెట్టండి.

మీ వారి కోసం ‘ఎ బిల్ట్‌మోర్ క్రిస్మస్’ (2023). లూసీ అనే సినీ రచయిత్రి 1947 నాటి ఒక ప్రసిద్ధ క్రిస్మస్ చిత్రాన్ని (అది కల్పితం) తిరిగి రాస్తూ, జంట విడిపోయేలా ముగింపు మారుస్తుంది. స్టూడియో అధిపతి ఒప్పుకోక, ఆ చిత్రం తీసిన బిల్ట్‌మోర్ భవనాన్ని చూసి రమ్మని పంపుతాడు. అక్కడ ఒక ఇసుక గడియారం ఆమెను 1947కు, ఆ షూటింగు మధ్యలోకి తీసుకుపోతుంది. రాత్రిబండి గారు అడిగిన ప్రశ్ననే ఈ చిత్రం కథావస్తువుగా తీసుకుంది. సుఖాంతం అబద్ధమా, లేక అది ఎవరో కష్టపడి ఎంచుకున్నదా అన్న వాదం మీదే ఇది నడుస్తుంది. బెథనీ జాయ్ లెంజ్, క్రిస్టఫర్ పొలాహా ఇద్దరూ చక్కగా చేశారు. నార్త్ కరోలినాలోని ఆషెవిల్ దగ్గర ఉన్న ఆ భవనం నిజమైనది, 250 గదులది. జార్జ్ వాండర్‌బిల్ట్ 1895 క్రిస్మస్ ముందురోజున బంధుమిత్రులను పిలిచి దాని తలుపులు తెరిచాడు.

రాత్రిబండి

బిల్ట్‌మోర్ చిత్రం నిన్న రాత్రి చూశాను. 1947 నాటి నటులు మాట్లాడే తీరు, ఆ వెలుగు, సెట్టు మీద మనుషులు ఒకరి పనికి ఒకరు అడ్డురాకుండా మెలగడం బాగా పట్టుకున్నారు. మిగతా చిత్రాల మీద నా అభిప్రాయం మారలేదు గానీ, దీన్ని నేనే ఇంకొకరికి చెబుతాను. ఇటువంటి అల్లికే ఉన్న మరొకటి ఉంటే సూచించండి.

ఏలూరు_కాలువ

రాత్రిబండి గారూ, ‘రౌండ్ అండ్ రౌండ్’ (2023) ప్రయత్నించండి. ఇది క్రిస్మస్ కాదు, యూదుల హనుక్కా పండుగ. ఏడో రాత్రి తల్లిదండ్రుల ఇంట్లో జరిగే విందు రేచెల్ అనే అమ్మాయికి మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. పాతరీలు గారు చెప్పిన చిత్రంలోని కిటుకే అయినా, ఇక్కడ కుటుంబం గోల, నానమ్మ మాటలు, వంటగది హడావిడి ఎంతో సహజంగా ఉన్నాయి. మతం వేరైనా ఆ ఇంటి సందడి మన ఇళ్లకు చాలా దగ్గర.

తాతల పాత్రలు ఇష్టమైతే ‘ఎ ప్రిన్సెస్ ఫర్ క్రిస్మస్’ (2011) కూడా రాసుకోండి. తల్లిదండ్రులను పోగొట్టుకున్న తన సోదరి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని జూల్స్ అనే అమ్మాయి వాళ్ల తాతగారి కోటకు వెళుతుంది. దుఃఖంతో పండుగను మానేసిన ఆ తాతగా రోజర్ మూర్ నటించారు. రొమేనియాలో తీసిన చిత్రం. నాకు అందులో రాకుమారుడి కంటే, మనవలతో మాట్లాడడం మళ్లీ నేర్చుకునే ఆ ముసలాయనే ముఖ్యం.

కొండపల్లి_బొమ్మ

జాబితా సిద్ధమైంది. చివరిగా ఒక ప్రశ్న. టీవీలో ప్రసారమయ్యే సమయానికి చూడడం మంచిదా, లేక విడిగా ఎంచుకుని చూడడమా?

తొలిమంచు

చానల్‌లో క్రిస్మస్ చిత్రాలు అక్టోబరు మధ్య నుంచే రాత్రింబవళ్లు వస్తుంటాయి గానీ, మీకు కావలసినది మీకు వీలైన వేళకు రావడం కష్టం. ‘ద క్రిస్మస్ కార్డ్’ వంటి పాతవైతే ఏ అర్ధరాత్రో పడతాయి. కేబుల్ ఉంటే వారం ముందుగా పట్టిక చూసి రికార్డు చేసుకోండి. లేకపోతే 2024లో వచ్చిన ‘హాల్‌మార్క్ ప్లస్’ సేవను ఆ ఒక్క నెలకు తీసుకుని, ముందే ఏవి ఉన్నాయో వెతికి చూసుకోండి. ప్రకటనలు లేకుండా చూస్తే ఒక్కోటి గంటన్నర లోపే అయిపోతుంది కాబట్టి అమ్మాయి నిద్రవేళకు ఇబ్బంది ఉండదు. అత్తయ్యగారి కోసం ఇంగ్లీషు అక్షరాలు కింద కనిపించేలా మొదటి రోజే పెట్టేయండి. వరస మాత్రం ఇలా ఉంచమని నా సలహా: మొదట ‘ద క్రిస్మస్ కార్డ్’, మర్నాడు పిల్లుల కథ, శనివారం మీ వారు కూడా తీరికగా ఉంటారు కనుక బిల్ట్‌మోర్. రాజుల కథలు రెండూ వెంటవెంటనే పెట్టకండి, మధ్యలో అన్నదమ్ములూ పసిబిడ్డా ఉన్న సినిమా ఒకటి వేయండి.